తుడిచేసిన డోర్ నంబరు

“బాబూ, మా ఇల్లు మీ దగ్గరుందంట కదండీ?”

ఫోన్లో ఎవరో ఆడమనిషి గొంతు. భానుతేజకి ఏమీ అర్థం కాలేదు. తణుకులో బజారు వెనక ఉన్న తమ మేడ మీద అతను మర్నాటి మేఘాలయ ప్రయాణానికి బ్యాగు సర్దుకుంటున్నాడు. రాంగ్ నంబరనుకుని పెట్టేయబోయాడు.

“ఉప్పాడ నుంచండీ, నా పేరు వీరవేణి. రెండేళ్ల కిందట మా ఇల్లు ఫోటో తీసుకెళ్లారు, గుర్తుందా అండీ? నీలం తలుపు. మా మరిది కాకినాడలో మందుల షాపుకెళ్తే అక్కడ క్యాలెండర్లో మా ఇల్లు కనపడిందంట. ‘వదినా, మనిల్లు ఆళ్ల గోడకి ఏలాడతంది’ అని ఫోన్ చేశాడు. అడుగున మీ నంబరుంటే రాసుకొచ్చాడండి.”

భానుతేజకి వెంటనే గుర్తొచ్చింది. అతనికి బాగా పేరు తెచ్చిన ఫోటోల్లో అదొకటి.

“గుర్తుందండీ! బాగున్నారా? ఇల్లెలా ఉంది?” అన్నాడు నవ్వుతూ.

“ఇల్లు లేదండి. మొన్న తుఫానుకి సముద్రంలోకెళ్లిపోయింది.”

అతను మంచం మీద కూర్చుండిపోయాడు. వీరవేణి మాత్రం కంగారు లేకుండా చెప్పుకుపోతోంది. ఇల్లు పోయినవాళ్లకి ఊరి లోపల స్థలాలిస్తున్నారు. ఆమె పేరు జాబితాలోకి ఎక్కలేదు. కాగితాలన్నీ ట్రంకు పెట్టెలో ఉన్నాయి, పెట్టె ఇంటితోపాటే పోయింది. రేషన్ కార్డులో పాత డోర్ నంబరుంది. కరెంటు మీటరేమో చనిపోయిన మామగారి పేరున ఉంది. ఏ ఇల్లు ఎవరిదో తేలడం లేదు.

“జాబితా రాసే ఆఫీసాయన మంచోడేనండి. ‘డోర్ నంబరూ మీటరూ కనపడే ఫోటో ఒక్కటి తీసుకురామ్మా, నేను రాస్తాను’ అన్నాడు. మా దగ్గర ఫోన్లో తీసుకున్నయ్యి అన్నీ పిల్లల మొహాలేనండి. ఇల్లు ఎవరు తీసుకుంటారు చెప్పండి? మీరైతే మొత్తం తీశారు కదా అని...”

“తప్పకుండానండీ. గంటలో పంపిస్తాను,” అన్నాడు భానుతేజ. సాయం చేయగలుగుతున్నందుకు సంతోషంగా కూడా అనిపించింది.

భానుతేజకి ముప్పై ఆరేళ్లు. తండ్రి గోపాలకృష్ణమూర్తి గారిది తణుకులో పాత బెల్లం కొట్టు. కొడుకు ఇంజనీరింగు చదివి కూడా ఉద్యోగం చేయలేదు, కొట్లోనూ కూర్చోలేదు. పదకొండేళ్లుగా కెమెరా భుజానేసుకుని దేశం తిరుగుతున్నాడు. హోటళ్లకి, పత్రికలకి, క్యాలెండర్లు వేసేవాళ్లకి ఫోటోలు తీసిస్తాడు. హిమాచల్‌లోని స్పితి లోయలో చలికి బ్యాటరీలు చచ్చిపోతుంటే చంకలో పెట్టుకుని వెచ్చబెట్టుకున్నాడు. జైసల్మేర్‌లో ఇసుక గాలికి ఒక లెన్సు పూర్తిగా పాడైంది. మొగల్తూరు దగ్గర సూర్యోదయం తీస్తూ, ఫ్రేములోకి ఇంకాస్త ఆకాశం కావాలని వెనక్కి వెనక్కి నడిచి రొయ్యల చెరువులో పడ్డాడు. చెరువు గలాయన శ్రీనివాసరాజు గారు కేకలేస్తూ పరిగెత్తుకొచ్చి, బయటికి లాగి, పొడి లుంగీ ఇచ్చి, టిఫిన్ పెట్టించి మరీ పంపారు. “మీరు పడితే పడ్డారు గానీండి, రొయ్యలు బెదిరిపోయుంటాయి,” అన్నారట. స్నేహితులు కలిసినప్పుడల్లా భానుతేజ ఇలాంటివే చెప్పి నవ్విస్తుంటాడు.

అతని ఫోటోల్లో ఒక శుభ్రత ఉంటుందని అందరూ అంటారు. అది కంప్యూటర్ ముందు కూర్చుని సాధించిన శుభ్రత. కరెంటు తీగలు, సెల్ టవర్లు, గోడ మీద పోస్టర్లు, ఆరేసిన బట్టలు, ఎక్కడ అడ్డొస్తే అక్కడ తుడిచేస్తాడు. ఆ పని అతనికెంత అలవాటంటే, ఏ ఫోటోలో ఏం తీసేశాడో తర్వాత అతనికే గుర్తుండదు.

ఆ సాయంత్రం ల్యాప్‌టాప్‌లో ఉప్పాడ ఫోటో తెరిచాడు. నీలం తలుపు, సున్నపు గోడ, తాటాకు చూరు, వెనకాల కెరటం. పెద్దది చేసి తలుపు పైన చూశాడు. ఏమీ లేదు. పక్కకి జరిపాడు. మీటరు ఉండాల్సిన చోట తెల్లటి గోడ నున్నగా ఉంది. స్తంభం నుంచి రావాల్సిన తీగ లేదు. అసలు స్తంభమే లేదు. గడప మీద చెప్పుల జత కూడా లేదు.

అన్నీ తన చేత్తో తనే తుడిచేశాడు.

అసలు ఫైలు కోసం హార్డ్ డిస్కు తీశాడు. ఏడాది దాటిన, ఇంకా దిద్దని ముడి ఫోటోలు తీసేసి, ఆ చోటు కొత్తవాటికి వాడుకోవడం అతని అలవాటు. ఉప్పాడ పేరుతో ఉన్న ఫోల్డరులో తుడిచి దిద్దిన ఆ ఒక్క ఫోటోనే మిగిలింది.

గంటలో పంపిస్తానన్నవాడు ఆ రోజు ఫోను చేయలేకపోయాడు. తండ్రి కొట్టు నుంచి వచ్చి, “ఏంట్రా అలా ఉన్నావ్? ఒంట్లో బాలేదా?” అని అడిగారు. కొడుకు ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పి జరిగింది చెప్పాడు. ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

“ఫోన్లో చెప్పకు. వెళ్లి చెప్పు,” అన్నారు.

మేఘాలయ ప్రయాణం మానుకుని మర్నాడు పొద్దున్నే కారులో బయల్దేరాడు. కాకినాడ దాటి సముద్రం పక్క రోడ్డు పట్టాడు. రెండేళ్ల కిందట తను నిలబడ్డ చోటు ఫోన్ మ్యాపులో గుర్తు పెట్టుకున్నాడు. దాన్నే చూసుకుంటూ వెళ్లాడు. ఒకచోట రోడ్డు పక్కన అడ్డంగా పేర్చిన పెద్ద పెద్ద బండరాళ్లు వచ్చాయి. కారు ఆపి రాళ్లెక్కాడు. ఫోన్లో చుక్క ఇంకా ముందుకే చూపిస్తోంది. తలెత్తి చూస్తే ముందు నీళ్లు. అప్పుడు తను నిలబడ్డ వీధి, వీధిలో చేపలెండేసిన పట్టాలు, ఎదురిళ్లు, అన్నిటి మీదుగా కెరటాలు వచ్చి రాళ్లకి కొట్టుకుంటున్నాయి.

“అంతదూరం ఎళ్లక్కర్లేదు బాబూ. జారుడుగా ఉంటాయి రాళ్లు.”

వెనక్కి తిరిగితే వీరవేణి. నలభై ఏళ్లుంటాయి. ఎండుచేపల తట్ట చంకన పెట్టుకుని నవ్వుతోంది. అతన్ని వెంటనే గుర్తుపట్టింది. తట్ట దింపి నీళ్ల వైపు వేలు చూపించింది. “అదిగోండి, ఆ నురగ లేస్తందే, అక్కడ మా వంటిల్లు.”

భానుతేజ రాళ్ల మీదే నిలబడి చెప్పాడు. డోర్ నంబరు తుడిచేశానన్నాడు. మీటరు తుడిచేశానన్నాడు. అసలు ఫోటో కూడా లేదన్నాడు.

ఆమె ముందు నమ్మలేదు. ఫోన్లో చూపించాడు. దాన్ని చేతిలోకి తీసుకుని, వేలితో పెద్దది చేసి, అటూ ఇటూ జరిపి చూసింది. మొహం మీది నవ్వు కొంచెం కొంచెంగా పోయింది.

“ఎర్ర రంగుతో పెద్దగా రాసుండేదండి. నాలుగు, గీత, నూట పన్నెండు.” ఫోను అతని చేతిలో పెట్టి అడిగింది. “అది మీకేం అడ్డొచ్చింది బాబూ?”

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఇన్నేళ్లలో ఏ ఎడిటరూ, ఏ కస్టమరూ అతన్ని ఆ మాట అడగలేదు.

“ఆ రోజు నన్ను పక్కకి జరగమన్నారు. జరిగాను. బట్టలు అడ్డొస్తున్నాయన్నారు. దండెం ఇప్పేశాను. ఇంకా ఏవైనా తీసేయాలంటే చెప్పుంటే, ఇది మాత్రం ఉంచండనేదాన్ని కదండీ,” అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. చెంగుతో తుడుచుకుని తట్ట ఎత్తుకుంది. జాబితా మూసేయడానికి ఇంకా పది రోజులుందని మాత్రం చెప్పింది.

అక్కణ్నుంచి భానుతేజ ఇంటికి వెళ్లలేదు. రాజమండ్రిలో పాడైన డిస్కుల్లోంచి ఫైళ్లు వెలికితీసే గణేష్‌బాబు దగ్గరికి వెళ్లాడు. అతను డిస్కు చూసి పెదవి విరిచాడు.

“దీని మీద మళ్లీ మళ్లీ రాసేశారు సార్. ఆశ పెట్టుకోకండి. నాలుగు రోజులు టైమివ్వండి చూద్దాం.”

నాలుగు రోజులూ భానుతేజ రాజమండ్రిలోనే లాడ్జిలో ఉన్నాడు. రోజుకి మూడుసార్లు షాపుకెళ్లి కూర్చునేవాడు. వచ్చినవి వచ్చినట్టు గణేష్‌బాబు తెర మీద చూపిస్తుంటే, సగం బూడిదరంగు చారలు, సగం ఎడారులూ కొండలూ. ఐదో రోజు మధ్యాహ్నం గణేష్‌బాబు కుర్చీలోంచి లేచి, “సార్, ఇది చూడండి!” అని అరిచాడు.

వెలుతురు సరిచూసుకోవడానికి అన్నిటికంటే ముందు నొక్కిన ఫోటో అది. కింది సగం చెరిగిపోయి బూడిదరంగులో ఉంది. పై సగంలో చూరు, తీగ, మీటరు, తలుపు పైన ఎర్రగా 4-112. తలుపు పక్కన వీరవేణి మొహం. ఎవరో కొత్తాయన కెమెరాతో వచ్చాడని కొంచెం సిగ్గుగా, కొంచెం వింతగా చూస్తోంది. భుజాల కింద నుంచి మనిషి లేదు.

భానుతేజ ఆ బొమ్మ ముందు కూర్చుని ఏడ్చాడు. గణేష్‌బాబు ఫ్యాను వేగం పెంచి, టీ చెప్పడానికి బయటికి వెళ్లాడు.

ఆ ఫోటో ప్రింటుతో ఇద్దరూ కలిసి ఆఫీసుకెళ్లారు. అధికారి దాన్ని పైకీ కిందకీ తిప్పి చూసి, “మిగతా సగం ఏదండీ?” అన్నాడు. పక్కిళ్లవాళ్లు ఇద్దరు సంతకాలు పెట్టారు. మీటరు నంబరు కరెంటాఫీసు లెక్కతో సరిపోయింది. వారంలో వీరవేణి పేరు జాబితాలోకి వచ్చింది. ఊరి లోపల, చెరకు చేనుకి ఆనుకుని స్థలం ఇచ్చారు. ఇప్పుడక్కడ రేకుల షెడ్డు వేసుకుంది. కెరటాల చప్పుడు లేక మొదట్లో నిద్ర పట్టలేదని ఫోన్లో చెప్పింది.

భానుతేజ ఇప్పటికీ ఊళ్లు తిరుగుతాడు, ఫోటోలు తీస్తాడు. కానీ రెండు నెలలకోసారి ఉప్పాడ వెళ్లి, ఒడ్డున మిగిలిన ఇళ్లని ఒక్కొక్కటిగా తీస్తున్నాడు. వెలుగూ నీడా చూసుకోడు. తలుపుకి ఎదురుగా నిలబడి, ఇంట్లోవాళ్లందరినీ గుమ్మంలో నిలబెట్టి, ఎలా ఉంటే అలా తీసి, అక్కడికక్కడే వాళ్ల ఫోన్లకి పంపించేస్తాడు. అరవై ఇళ్లకి పైగా అయ్యాయి. జనం కూడా పిలిచి మరీ తీయించుకుంటున్నారు.

సముద్రం వైపు చివరి వరసలో ఉన్న మెర్సీ మాత్రం ఒప్పుకోలేదు. చర్చి పక్క సందులో చిన్న డాబా ఆమెది. మొదటిసారి అతను కెమెరా ఎత్తగానే గబగబా వచ్చి చేత్తో లెన్సు మూసేసింది.

“మా ఇంటికొద్దండి. మీరు తీసిన ఇల్లల్లా సముద్రంలోకెళ్తందంట.”

అతను కాగితాలకి పనికొస్తుందని, తీసినంత మాత్రాన ఏమీ కాదని చెప్పబోయాడు.

“వీరవేణిది తీశారు, పోయింది. మా పెద్దమ్మది తీశారు, మొన్న పోయింది. నాకు తెలుసండి, మీరు మంచికే తీస్తన్నారు. కానీ నేను రోజూ ఈ గోడల మధ్యన పడుకోవాలి కదా. మీరు తీశారంటే, ఇది కూడా పోయేదే అని నేను ఒప్పుకున్నట్టేనండి.”

భానుతేజ కెమెరాకి మూత పెట్టేశాడు.

ఆ ఏడు వానాకాలంలో ఇంకో మూడిళ్లు పోయాయి. మెర్సీ డాబా వెనక గోడ బీటలిచ్చింది గానీ ఇల్లు నిలబడే ఉంది. ఉప్పాడ వెళ్లినప్పుడల్లా అతను ఆ సందులోకి వెళ్లి ఆమెని పలకరించి వస్తాడు. కెమెరా బ్యాగు కారులో పెట్టి వస్తేనే మెర్సీ కుర్చీ వేస్తుంది.