బ్రేకు మీద జకియా పాదం

బోధన్‌లో రుద్రూర్ వెళ్లే రోడ్డు పక్కన ముఖీత్ షెడ్డు ఉంది. అక్కడ బ్రేకు పని చేయించుకున్న వాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. పనంతా కళ్లముందే జరుగుతుంది. చివర్లో బ్రేకు గొట్టాల్లోని గాలి తీసే వేళకు మాత్రం ముఖీత్ చేతులు తుడుచుకుంటూ "అన్నా, జర చాయ్ తాగి రా" అని పంపించేస్తాడు. తాగి వచ్చేసరికి బ్రేకు రాయిలా ఉంటుంది. ఆయన దగ్గర ఏదో మిషన్ ఉందని కొందరు, చేతిలో దేవుడిచ్చిన బర్కత్ ఉందని కొందరు చెప్పుకునేవాళ్లు. మిషన్ ఏమీ లేదు. ఉన్నది ఆయన భార్య జకియా.

షెడ్డు వెనక గోడకే వాళ్లింటి తలుపు. డ్రైవర్ వైపు ఆ తలుపుకు ఎదురుగా ఉండేలా బండి నిలబెట్టడం ముఖీత్ పద్ధతి. జకియా గుమ్మం దాటి రెండడుగులు వేస్తే సీట్లో ఉంటుంది, రోడ్డు మీది వాళ్లకు కనిపించదు. తన ఇంటి ఆడమనిషి పదిమంది ముందు బండి పని చేయడం ఆయనకు ఇష్టం లేదు. ఆమెకు ఏది ఇష్టమో ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆమె కూడా ఆ విషయం ఎత్తలేదు.

బ్రేకు గొట్టాల్లో గాలి చేరితే తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన కూర్చుని పెడల్‌ను మూడుసార్లు తొక్కి అదిమి పట్టుకోవాలి. రెండోవారు చక్రం దగ్గర నిప్పల్ అనే చిన్న స్క్రూను పానాతో తిప్పి వదులు చేస్తే, దానికి తగిలించిన సన్న పైపులోంచి ఆయిలూ గాలిబుడగలూ సీసాలోకి వస్తాయి. నిప్పల్ బిగించాకే పైనున్నవారు కాలు తీయాలి. ముందే తీస్తే బయటి గాలి లోపలికి పోయి పని మళ్లీ మొదటికొస్తుంది. పెళ్లయిన మరుసటేడు కూతురు రిదా ఉయ్యాలలో ఏడ్చిందని జకియా ఒకసారి అలాగే కాలు తీసేసింది. ఆ రోజు ముఖీత్ అన్న మాటలు ఇరవై మూడేళ్లయినా ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. మళ్లీ ఎప్పుడూ ముందు కాలు తీయలేదు.

చెప్పులు విడిచి ఉత్తి పాదంతో తొక్కుతుంది. గాలి ఉంటే పెడల్ నానిన రొట్టెలా దిగిపోతుంది. గాలి పోయాక గట్టిగా ఆగుతుంది. ఏ బండిది ఎక్కడ ఆగాలో ఆమె పాదానికి తెలుసు. "మా అమ్మీకి బండి నడుపుడు రాదు, ఆపుడొక్కటే వచ్చు" అని రిదా ఆటపట్టిస్తుంది. అబద్ధమేమీ కాదు.

ఈ ఏడు పసుపు తవ్వకాల రోజుల్లో లక్ష్మీరాజం తన జీపు తెచ్చి వదిలాడు. రుద్రూర్ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడకూలీలను చేలకు తీసుకుపోయే బండి అది. పెడల్ తొక్కితే ఆయిల్‌ను గొట్టాల్లోకి తోసే మాస్టర్ సిలిండర్ పోయింది, కాలు పెడితే పెడల్ అడుగుదాకా పోతోంది. కొత్త సిలిండర్‌ను ముఖీత్ నిజామాబాద్ పోయి తెచ్చి బిగించాడు. మధ్యాహ్నం నమాజు ముగించుకుని వచ్చి, బండి కోసం వచ్చిన లక్ష్మీరాజాన్ని చాయ్‌కి పంపి, జకియాను పిలిచాడు.

మాస్టర్ సిలిండర్ మారిస్తే గాలి చాలా ఉంటుంది. సిలిండర్‌కు అన్నింటికన్నా దూరంగా ఉండే ఎడమ వెనక చక్రంతో మొదలుపెట్టి, దగ్గరున్న కుడి ముందు చక్రంతో ముగించేసరికి గంట దాటుతుంది. ఆ రోజు ముఖీత్ పావుగంటలోనే నాలుగూ తిరిగాడు.

"అయిపోయింది. దిగు," అన్నాడు. వాళ్లిద్దరూ మాట్లాడుకునేది ఉర్దూలో. చదివేవాళ్ల కోసం తెలుగులో చెబుతున్నాను.

జకియా దిగలేదు. మళ్లీ తొక్కి చూసింది. పెడల్ సగందాకా పోయింది.

"రిదా అబ్బా, మెత్తగున్నది," అని భర్తతో అంది.

"కొత్త సామాను కదా. రెండు రోజులైతే అదే కుదురుకుంటది."

"ఎన్నడన్న కుదురుకున్నదా గట్ల?"

"బుడగలు ఆగినయి. నా కండ్లతోని చూసిన. నీ కాలుకు నా కండ్లకన్న ఎక్కువ తెలుసునా?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న రాలేదు, ఎందుకంటే ఆయన కళ్లూ ఆమె కాలూ ఎప్పుడూ ఒకే మాట చెప్పేవి. జకియా దిగింది కానీ ఇంట్లోకి పోలేదు. ముందు చక్రం దగ్గరున్న ఆయన పక్కకు వచ్చి నిలబడింది. ఆఖరి చక్రానికి పైపు ఇంకా తగిలించే ఉంది. ముఖీత్ దాన్ని వెలుతురుకు ఎత్తి చూపించాడు.

"ఇగో, నువ్వే చూడు. అద్దం లెక్క లేదా?"

పైపు పొడుగునా బుడగలు ఆవగింజల్లా వరసగా నిలబడి ఉన్నాయి. ఆయన నేరుగా వాటినే చూస్తున్నాడు.

జకియాకు ముందు కోపం వచ్చింది, ఆ వెనకే భయం వచ్చింది. మొన్న గుమ్మం ముందు నిలబడ్డ తన మేనత్తకు ఆయన సలాం చెప్పకుండా పోతే పొగరనుకుంది. నట్లు చూడకుండా వేళ్లతో వెతుకుతుంటే చేతి అలవాటనుకుంది. పక్కన పడుకునే మనిషికి చూపు పోతుంటే తెలుసుకోలేకపోయినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"ఎన్ని రోజులాయె?" అని అడిగింది.

ఏమిటని ఆయన అడగలేదు. "వానకాలం సంది. కండ్లల్ల పొగ కమ్మినట్టుంటది. మోతిబిందు పొరలు వచ్చినయి కావచ్చు," అన్నాడు.

"నాకెందుకు చెప్పలే?"

"మెకానిక్‌కు కండ్లు పోయినయని తెలిస్తే మన షెడ్డుకాడ బండి ఆగుతదా? దీన్ని ఇయ్యాల పంపిద్దాం. రేపు దవాఖానకు పోదాం. నువ్వు చెప్పినట్టే వింట."

"రేపు పొద్దుగాల ఈ జీపుల పదిమంది ఆడోళ్లు కూసుంటరు."

జకియా ఆయన చేతిలోంచి పానా తీసుకుంది.

"సీట్ల కూసో. నువ్వు తొక్కు, నేను చూస్త."

"రోడ్డు మీదికెల్లి అందరికి కనబడుతవు."

"కనబడనియ్యి."

ఓఢ్నీ నడుముకు బిగించి ఎడమ వెనక చక్రం దగ్గర కూర్చుంది. అది రోడ్డు వైపే. మొదట పానా అడ్డదిడ్డంగా తిప్పింది, ఆయిల్ మోచేతిదాకా కారింది. బ్రేక్ ఆయిల్ పడితే రంగు లేచిపోతుందని తెలుసు కాబట్టి ముందు బండి తుడిచి, తర్వాత చేయి తుడుచుకుంది. బానెట్ కింది డబ్బాలో ఆయిల్ తగ్గినప్పుడల్లా లేచి పోసింది. ముఖీత్‌కు ఎన్నడూ తొక్కే అలవాటు లేదు. రెండోసారే తొందరపడి ముందుగా కాలు తీసేశాడు.

"నేను చెప్పకముందుకే కాలు తియ్యకు!" అని కేకేసింది. ఇన్నేళ్లకు ఆ మాట తాను అనే వంతు వచ్చినందుకు, అంత భయంలోనూ, కొంచెం తృప్తిగానే అనిపించింది.

వెనక చక్రాలు రెండూ అయ్యేసరికి లక్ష్మీరాజం తిరిగి వచ్చాడు. చక్రం దగ్గర ఆడమనిషి, సీట్లో మెకానిక్. నిలబడిపోయాడు.

"ఏంది ముఖీత్ భాయ్, అక్కతోని చేపిస్తున్నవ్?"

ముఖీత్ మోకాలు నొప్పి అంటే సరిపోయేది. నడుం పట్టింది అన్నా లక్ష్మీరాజం నమ్మేవాడే. జకియా తల ఎత్తలేదు, ఆయన ఏమంటాడో అని పానా మాత్రం ఆపింది.

"నా కండ్లకు బుడగలు కనిపిస్తలేవు, రాజం," అన్నాడు ముఖీత్. "మంచిగైందని నేనన్న. కాలేదని ఈమె పట్టింది."

"అంటే గీ బండిని నాకు గట్లనే ఇచ్చేటోడివా?"

"ఇచ్చేటోణ్ణే."

లక్ష్మీరాజం ముఖం ఎర్రబడింది. తిట్టడానికి నోరు తెరిచి, జకియా ముందు తిట్టలేక మూసుకున్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వేరే షెడ్డుకు తోసుకుపోదామన్నా బ్రేకు లేని బండి ఎటు పోతుంది? చివరికి వచ్చి ఆమెకు కొంచెం దూరంలో గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, ఎప్పటికైతది?"

ఇన్నేళ్లలో షెడ్డుకొచ్చిన గిరాకీ ఆమెను ఒక మాట అడగడం అదే మొదలు. "రెండు చక్రాలున్నయి," అంది. "ఆగాలె."

ఆగాడు. సాయంత్రం అసర్ అజాన్ వినబడే వేళకు పైపులో బుడగ అన్నది లేదు. జకియా సీటెక్కి, చెప్పు విడిచి తొక్కింది. పెడల్ ఆగాల్సిన చోట ఆగింది. లక్ష్మీరాజం రోడ్డు మీద ఫర్లాంగు దూరం పోయి, రెండుసార్లు గట్టిగా ఆపి చూసి తిరిగొచ్చాడు. ముఖీత్‌తో మాట్లాడలేదు. "మంచిగున్నది, అక్కా," అని మాత్రం ఆమెతో అని బండి తిప్పబోయాడు.

"రాజం, ఆగు," అంటూ ముఖీత్ ఫోన్ తెచ్చి కిటికీలోంచి చాచాడు. "ఈ ఫోన్‌ల కంఠేశ్వర్ సార్ అని ఉంటది, జర కలుపు. అక్షరాలు కనిపిస్తలేవు."

లక్ష్మీరాజం వెతికి కలిపి ఇచ్చాడు. ముఖీత్ గొంతు సవరించుకున్నాడు.

"సార్, నమస్తే. బోధన్ కెల్లి ముఖీత్. పోయిన నెల మీ ఇంటికాడ మీతోనే పెడల్ తొక్కిచ్చి కారుకు బ్రేకు చేసిన కదా, గా బండి బయటికి తియ్యకున్రి... లేదు సార్, మీ తప్పేం లేదు, నాదే. రేపు పొద్దుగాల మొదటి బస్సుకే వస్తం... నేను చూస్తె లాభం లేదు సార్. మా ఇంటామె వస్తది. ఆమె కాలు పెట్టి చెప్తది."