గెట్టు మీద కట్టని గుడ్డ

పత్తికి మందు కొడితే చేను గెట్టు మీద కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టడం మా దగ్గర అలవాటు. అది చూసి గొర్రెల వాళ్లు మందను అటు తోలరు. ఆ రోజు మందు కొట్టాక ఎండకు, ఆకలికి నాకు ఓపిక లేక, రేపు కడదాంలే అని ఇంటిదారి పట్టాను. తెలంగాణ వచ్చిన ఏడాది పుట్టిన నా కూతురికి అప్పుడు ఏడేళ్లు. మంచినీళ్ల సీసా పట్టుకుని నా వెంటే వచ్చింది.

"బాపూ, గుడ్డ మర్సినవ్."

"నువ్వు నడువు," అని కసిరాను.

మర్నాడు పొద్దున్నే గొర్రెలు కాసే పెద్దాయన రొప్పుతూ మా వాకిట్లోకి వచ్చాడు. ఊరి వరసలో నాకు మామ అవుతాడు.

"అల్లుడా, గొర్లు నురగలు కక్కి పడిపోతున్నయ్. మక్తల్ నుంచి పసుల డాక్టర్ వచ్చిండు. ఏం మందు తిన్నయో తెలిస్తే సూది ఇస్తా అంటుండు. నిన్న నువ్వు మందు గిట కొట్టినవా? జర జల్ది చెప్పు."

ఖాళీ మందు సీసా నా తలమీది చూరులోనే ఉంది. ఒప్పుకుంటే ఊరంతా నా ముఖాన ఉమ్మేస్తుందని భయం వేసింది.

"నేను కొట్టలే మామా. పక్క చేనోళ్లను అడుగు."

ఆయన నమ్మలేదు. గడపలో నిలబడ్డ నా కూతురి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు బిడ్డా. బాపు నిన్న చేనుకు పోయిండా?"

పిల్ల నా ముఖంలోకి చూసింది. అది నిజం చెప్పకూడదని కోరుకున్నాను. రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

"పోలే తాతా. ఇంట్లనే ఉండె."

తడుముకోలేదు, కళ్లు దించలేదు. అచ్చం నా గొంతే. దానికి అక్షరాలు దిద్దించడానికి నాకు ఏడాది పట్టింది, ఈ అబద్ధం మాత్రం ఒక్కసారి వినగానే వచ్చేసింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

మామ అప్పటికే వాకిలి దాటాడు. చూరులోంచి సీసా లాగి ఆయన వెనక పరుగెత్తాను.

"ఆగు మామా! గీ మందే. నేనే కొట్టిన. గుడ్డ కట్టలే."

ఆయన సీసా గుంజుకుని ఉరికాడు. నేనూ, నా వెనకే పిల్లా మంద దగ్గరికి చేరాం. డాక్టరు దాని మీది పేరు చదివి సూదులు వేశాడు. నాలుగు గొర్రెలు చచ్చిపోయాయి. మిగతావి మధ్యాహ్నానికి మెల్లగా లేచాయి.

అప్పుడు మామ నా కూతుర్ని దగ్గరికి పిలిచాడు.

"తాతకు అబద్ధం చెప్పినవేంది బిడ్డా?"

"బాపు గట్లనే చెప్పిండు గదా," అంది అది, నన్ను చూపిస్తూ.

చుట్టూ చేరిన జనం నా వైపు చూశారు. నేను పిల్ల చెయ్యి పట్టుకుని పక్కనే నిలబెట్టుకున్నాను. అది చూస్తుండగానే వంగి మామ కాళ్లు పట్టుకున్నాను.