ఇరవై రూపాయల పాలు

పొద్దున ఆరున్నరకు పాల త్రినాథ్ బండి ఆపి, చిన్నతల్లి గిన్నెలో ఇరవై రూపాయల పాలు పోసి వెళ్లాడు.

నరసన్నపేట సంతలో ఎండుచేపలు అమ్మే చిన్నతల్లి ఏదీ తూకం చెప్పి కొనదు. పది రూపాయల నూనె, పదిహేను రూపాయల పప్పు అని అడుగుతుంది. ఎంత వస్తే అంత. ఆరేళ్ల కిందట భర్త సూరయ్యకు క్షయ పట్టి, సముద్రంలో చేపల వేట మానాల్సి వచ్చింది. జబ్బు తగ్గింది గానీ ఊపిరితిత్తులు పాడయ్యాయి. మనిషి నిలదొక్కుకోవాలంటే రోజూ అర లీటరు పాలు తాగించమన్నాడు డాక్టరు. అప్పట్లో అది ఇరవై రూపాయలు. ఒక్క రోజూ మానలేదు.

ఆ రోజు ధరల సర్వే అమ్మాయి ఉష వచ్చింది. ఆ ఇంటికి రావడం అది ఐదోసారి.

"పోయినేడాది మీద పాల ధర పెరిగిందా అత్తా?"

"నేదమ్మా. ఇరవయ్యే."

"నూనె?"

"పదే."

"ఊరంతా పెరిగిందంటన్నారు."

"ఆళ్లు ఎక్కువ కొంతన్నారేమో."

మంచం మీద సూరయ్య నవ్వాడు. "రాసుకో పాపా. దీన్ని దిల్లీలో కూకోబెడితే ధరలే పెరగవు." దగ్గు రావడంతో ఆగిపోయాడు.

ఉష ఫోన్లో 'మార్పు లేదు' అని నొక్కింది. తర్వాతి ప్రశ్న, రోజుకు ఎన్ని పాలు అని. చిన్నతల్లి గిన్నె చూపించింది. ఉష తన దగ్గరున్న అర లీటరు నీళ్ల సీసా ఖాళీ చేసి, అందులో పాలు పోసింది. సగం దాటి కాస్త పైకి వచ్చాయి.

చిన్నతల్లి సీసా వంక చూసింది. "త్రినాథ్ మోసం సేసినాడా?"

"లేదత్తా. లీటరు డెబ్బై అయింది. ఇరవైకి ఇంతే వస్తాయి."

"డాక్టరు అడిగినప్పుడల్లా పాలు ఇస్తన్నాననే సెప్పినాను," అంది చిన్నతల్లి. భర్త వైపు తిరిగింది. "గలాసు తగ్గిపోతన్నాదని నీకు తెలీనేదా మావా?"

"తెలిసింది."

"మరి సెప్పవేటి?"

"నీకు తెలిసే తగ్గించినావనుకున్నాను. డబ్బుల్లేవేమో, అడిగితే బాధపడతావని ఊరుకున్నాను."

ఉష ఆ రోజు జవాబు దిద్దింది. అంతకుముందు నాలుగు విడతల్లో ఆ ఇంటి నుంచి వెళ్లినవన్నీ 'మార్పు లేదు' అనే ఉన్నాయి. వాటిని దిద్దే వీలు లేదు.

మర్నాడు చిన్నతల్లి త్రినాథ్‌ను అర లీటరు పొయ్యమంది. ముప్ఫై ఐదు రూపాయలిచ్చింది. సూరయ్య సగం తాగి, ఇక పట్టడం లేదని గ్లాసు పక్కన పెట్టేశాడు. తర్వాతి రోజూ అంతే.

వారం తర్వాత ఆసుపత్రిలో బరువు చూశారు. జబ్బు తగ్గిన కొత్తలో నలభై ఐదు కిలోలు. ఇప్పుడు ముప్ఫై ఆరు.