అబ్బాస్ అలీ కలిపిన చుట్టరికాలు

మా డేరా సినిమాలో కథ చెప్పే అబ్బాస్ అలీకి ఒకటే జబ్బు. తెర మీద ఎవరు కనబడినా వాళ్లకో ఊరూ ఇల్లూ, అమ్మా అక్కా కల్పించందే అతని నోరు ఊరుకునేది కాదు. అవి మూగబొమ్మల రోజులు. బొమ్మ ఆడుతుంటే పక్కన నిలబడి ఒకరు కథ చెప్పాలి. కంభంలో ఆ పని అతనిది, హార్మోనియం నాది.

గుర్రమెక్కిన దొరసాని వస్తే, "ఈయమ్మ మన పెద్దారవీడు కోడలే. అత్తతో పడక పుట్టింటికి పోతా ఉంది" అనేవాడు. బందిపోటు వస్తే, "వీనికి రాచర్లలో తల్లి ఉంది. పాపం, కండ్లు కనపడవు" అనేవాడు. ఇక ఆ బందిపోటును హీరో చితక్కొడుతుంటే ఈల వేసే నాథుడు లేడు. రాచర్ల గొర్రెలకాపరి గోవిందయ్య లేచి నిలబడి, "ఇంక ఇడిసిపెట్టండి నాయనా, ముసల్ది అల్లాడిపోతాది" అని తెరను బతిమాలాడు.

డేరా యజమాని రంగనాయకులు తల పట్టుకున్నాడు. "జనం ఏడుస్తా పోతే రేపెవరొస్తారు అబ్బాసూ?"

"వానికి దెబ్బలు తగ్గినాయో లేదో చూసేదానికి వస్తారు మామా."

నిజంగానే వచ్చారు.

ఇంకో బొమ్మలో పోలీసు బావిలో పడితే ఖద్దరు కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. "వీనికి పాలు తాగే బిడ్డ ఉంది" అన్నాడు అబ్బాస్ అలీ. కుర్రాళ్లకు ఒళ్లు మండింది.

"నువ్వు సర్కారు మనిషివా ఏంది?"

"కాదబ్బా. బావిలో పడినోని మనిషిని."

అలాంటివాడి చేతికి సర్కారువారి బొమ్మే వచ్చి పడింది. బాంబులేసే టెర్రరిస్టుల కథ. ఊరందరికీ ఉచితం. దాన్ని తెచ్చిన ఆఫీసరు ముందే హెచ్చరించాడు: "చచ్చిపోయే పోలీసు ఇంటి సంగతులు ఎన్నైనా చెప్పు. బాంబు వేసినవాడికి మాత్రం ఇల్లూ తల్లీ పెట్టావో, జాగ్రత్త. వాడు హంతకుడు, అంతే."

ఆడవాళ్ల వైపు చివర మాలకొండమ్మ కూర్చుంది. ఆమె ఒక్కగానొక్క కొడుకు కాటమరాజును బాంబు కేసులో ఉరి తీసి ఏడు నెలలైంది. శవాన్ని కూడా ఇవ్వలేదు. పోలీసులకు జడిసి అప్పటినుంచి ఆమె గడప ఎవరూ తొక్కలేదు. నేనూ తొక్కలేదు. అది తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గే. కొడుకులాంటి పిల్లలు తెర మీద కనపడతారని ఎవరో అంటే ఆమె వచ్చింది.

బొమ్మలో పోలీసు చనిపోయాడు. అబ్బాస్ అలీ అతనికి నిండు చూలాలైన పెళ్లాన్నిచ్చాడు. డేరా అంతా కళ్లు తుడుచుకుంది. మాలకొండమ్మా తుడుచుకుంది. తర్వాత కుర్రవాణ్ణి ఉరికంబం దగ్గరికి తెచ్చారు. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. ఆఫీసరు అర్థం చెప్పాడు: "కన్నతల్లే వీణ్ణి ఛీ కొట్టింది. అను."

అబ్బాస్ అలీ మాలకొండమ్మ కూర్చున్న వైపు చూశాడు. హార్మోనియం మీద నా వేళ్లు ఆగిపోయాయి.

"చెప్పవయ్యా!"

"అబద్ధం దొరా" అన్నాడు చివరికి. "తల్లికి కబురు ఆలస్యంగా అందింది. అందినాక బయల్దేరింది. పోతా ఉంది..."

"పోయినా" అంది చీకట్లోంచి మాలకొండమ్మ. "జైలు గేటు దాకా పోయినా తమ్ముడా. లోపలికి రానీలేదు."

"ఏం తీసకపోయినావక్కా వానికి?" మామూలుగా అడిగాడు అబ్బాస్ అలీ.

ఏడు నెలల్లో ఆ పిల్లవాడి గురించి ఆమెను ఎవరైనా అడగడం అదే మొదలు.

"కొర్రన్నం, గోంగూర. గోంగూరంటే పానం వానికి. చిన్నప్పుడు ఉప్పెక్కువైందని అలిగి గొర్రెల దొడ్లో పండుకున్నాడు. తెల్లారి చూస్తే గొర్రె వాని గోచి నమిలేసింది!"

ముందు ఆమే నవ్వింది, ఏడుస్తూనే. తర్వాత డేరా అంతా నవ్వింది. ఆఫీసరు మండిపడి బొమ్మ ఆపించాడు. అయినా ఎవరూ లేవలేదు.

అబ్బాస్ అలీ పని ఆ రాత్రే ఊడింది. మర్నాడు పొద్దున్నే నేను మాలకొండమ్మ ఇంటికి వెళితే అరుగు మీద చోటు లేదు. అబ్బాస్ అలీ కాస్త జరిగి నన్ను కూర్చోబెట్టుకున్నాడు. ఆమె గోచి సంగతి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి గొర్రెలు రెండయ్యాయి. ఎవరూ కాదనలేదు.