బకెట్ మీద కూర్చుని చూసిన బేస్‌బాల్ సినిమా

బేస్‌బాల్ ఎలా ఆడతారో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. సినిమాలు మాత్రం బోలెడు చూశాను. సౌదీలో, అల్ అజీజియాలో మేం ముగ్గురం ఉండే గదిలో శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక అదే పని. మాలో ఒకడు పెయింటర్, జగిత్యాల వైపు వాడు. పక్కనే ధహ్రాన్‌లో విదేశీయులుండే కాంపౌండ్ ఇళ్లకు రంగులు వేస్తాడు. ఇల్లు ఖాళీ చేసి దేశానికి వెళ్లిపోతూ ఒక అమెరికా కుటుంబం వాడికి హార్డ్ డిస్క్ ఒకటి ఇచ్చి పోయింది. తెచ్చి పెట్టి చూస్తే అన్నీ బేస్‌బాల్ సినిమాలే. పోనీ అవైనా మామూలు ఆటలా అంటే కాదు. ఒకదాంట్లో వానలో తడిసిన బంతి మాట్లాడుతుంది. ఇంకోదాంట్లో చచ్చిపోయిన ముసలమ్మ ఒకామె వచ్చి, ఎప్పుడూ ఓడిపోయే జట్టు కోసం గాలిని వాళ్ల వైపు తిప్పుతుంది.

"ఈ దయ్యాలకు వేరే పనుల్లేవా?" అని నేను విసుక్కునేవాణ్ణి. విసుక్కుంటూనే చూసేవాణ్ణి. బయట ఆ ఎండలో పోయి చేసేదేముంది?

మూడో మనిషి కాకా. నిర్మల్ వైపు మేస్త్రీ, మా ఇద్దరికంటే బాగా పెద్దవాడు. ఆయనకు ఈ సినిమాలంటే ప్రాణం. ఇంగ్లిష్ ఒక్క ముక్క రాదు, అయినా దయ్యం రాగానే అందరికంటే ముందు ఆయనకే తెలిసిపోయేది. ఆయనకు ఇంకో జబ్బు కూడా ఉంది, సెంటిమెంట్. క్రికెట్ చూసేటప్పుడు మనవాళ్లు బాగా ఆడుతుంటే ఎవరినీ కూర్చున్నచోటి నుంచి లేవనిచ్చేవాడు కాదు. ఒకసారి నేను ఖాళీ పెయింట్ బకెట్ బోర్లించుకుని కూర్చున్నప్పుడు ఓడిపోవలసిన మ్యాచ్ గెలిచాం. అప్పటినుంచి ఆ బకెట్ నాదే. మంచం మీద చోటున్నా నాకు బకెట్టే.

ఒక శుక్రవారం పొద్దున కరీంనగర్ ఆసుపత్రిలో నా భార్యకు నొప్పులు మొదలయ్యాయి. నెలలు పూర్తిగా నిండలేదు. మొదటి కాన్పులో మాకు బిడ్డ దక్కలేదు. అందుకే ఈసారి ఎలాగైనా పక్కన ఉండాలని ముందే సెలవు అడిగాను. నేను ఏసీ మెకానిక్‌ని. ఎండాకాలంలో ఏసీ మెకానిక్‌ని ఎవడు వదులుతాడు? ఈ నెల గడవనీ, ఊరెళ్లి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా కొట్టిస్తాం అన్నారు కంపెనీవాళ్లు. నెల గడిచేదాకా బిడ్డ ఆగలేదు.

ఫోన్ అత్తమ్మ దగ్గరుంది. నేను పదే పదే చేస్తుంటే ఆమెకు చిర్రెత్తి, "నువ్వు చెయ్యకు, ఏమన్నుంటే నేనే చేస్త" అని పెట్టేసింది. నాకు కాలు ఒకచోట నిలవలేదు. వంటగదిలోకి వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. నా అవస్థ చూడలేక పెయింటర్ సినిమా పెట్టాడు. "కూసో అన్నా, కొద్దిసేపు మనసు మల్లుతది" అన్నాడు. బకెట్ మీద కూర్చున్నాను.

ఆ సినిమాలో ఒక నాన్న చచ్చిపోయాడు. అతని కూతురు బేస్‌బాల్ ఆడుతుంది. ఆమె ఆడే రోజున ఆయన వచ్చి జనంలో ఒక బెంచీ మీద కూర్చుంటాడు. కూతురికి తప్ప ఎవరికీ కనబడడు. కానీ ఒక షరతు ఉంది. బెంచీ మీంచి లేచాడా, మాయమైపోతాడు, మళ్లీ రాడు. కాకాకు ఇది తెగ నచ్చేసింది. "చూసినవా తమ్మీ, అమెరికోళ్లకు గుడ ఉన్నది సెంటిమెంటు" అన్నాడు.

ఇంతలో ఫోన్ మోగింది. అత్తమ్మే. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందని డాక్టరమ్మ చెప్పిందట. నాకు కాస్త ఊపిరి ఆడింది. లేచి బయట వరండాలో అటూ ఇటూ తిరిగాను. నాలుగడుగులు వేశానో లేదో మళ్లీ ఫోన్. ఈసారి అత్తమ్మ గొంతు మారింది. బీపీ పెరిగిందట, ఆపరేషన్ చెయ్యాలంటున్నారట. ఇంకా ఏదో అడగబోతే పెట్టేసింది.

లోపలికి వచ్చి చెప్పాను. కాకా నా మొహం కాదు, ఖాళీ బకెట్ చూశాడు.

"ఎందుకు లేసినవ్?"

ఒళ్లు మండిపోయింది. "ఏం మాటలు కాకా అవి? బకెట్టుకూ బీపీకీ ఏం సంబంధం? నేను లేస్తే కరీంనగర్ల ఆమెకు బీపీ పెరుగుతదా?" అని అరిచాను. ఆయన చేత్తో బకెట్ మీద దుమ్ము తుడిచి నా వైపు జరిపాడు. నేను ఇంకా తిట్టుకుంటూనే వెళ్లి దాని మీద కూర్చున్నాను.

తర్వాత సినిమా చూశానని చెప్పలేను. తెర వైపు కళ్లున్నాయంతే. బ్యాట్‌కు తగిలిన బంతి వెనక్కి పోతే పెయింటర్, కాకా అలవాటు కొద్దీ "ఫోర్!" అని అరిచారు. బేస్‌బాల్‌లో అలా వెనక్కి పోయిన బంతికి పరుగులేమీ రావని ఎన్ని సినిమాలు చూసినా వాళ్లకు ఎక్కలేదు. నాకు మాత్రం ఆ బెంచీ మీది నాన్నను చూస్తుంటే కడుపు మండింది. చచ్చినవాడు ఏ కాగితమూ లేకుండా పై లోకం నుంచి దిగి వచ్చి కూతురు ఆట చూస్తున్నాడు. నేను బతికే ఉన్నాను, పాస్‌పోర్టుంది, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డుంది. నా బిడ్డ పుట్టేచోటికి నేను వెళ్లలేను. ఏడుపు తన్నుకొచ్చింది గానీ వాళ్ల ముందు ఏడవలేక ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాను.

సినిమా చివరికి వచ్చింది. ఆఖరి ఆట. కూతురు బ్యాట్ పట్టుకుంది. నాన్న బెంచీ అంచుకు జరిగాడు. కూతురు గెలిస్తే ఆగలేక లేస్తాడని, లేచి పోతాడని ముగ్గురికీ అర్థమైపోయింది. పెయింటర్ చటుక్కున ఆపేశాడు.

"ఇంకా ఫోన్ రాలే గద" అన్నాడు. అని, ఆట మొదలైనచోటికి వెనక్కి తిప్పాడు.

ఎవరూ నవ్వలేదు. ఆ ఆట మళ్లీ మొదలైంది. బంతి మళ్లీ వెనక్కి పోయింది, వాళ్లిద్దరూ ఈసారి కొంచెం నెమ్మదిగా "ఫోర్" అన్నారు. నడుము పట్టేసింది, కాళ్లు తిమ్మిరెక్కాయి. నీళ్లు కావాలంటే కాకా తెచ్చి చేతికిచ్చాడు. మళ్లీ కూతురు బ్యాట్ పట్టుకుంది. నాన్న మళ్లీ అంచుకు జరిగాడు. పెయింటర్ చాయ్ పెట్టడానికి వంటగదిలోకి వెళ్లి ఉన్నాడు. ఆపడం వాడొక్కడికే తెలుసు. నాన్న రెండు చేతులూ బెంచీకి ఆనించి లేవబోయాడు.

"వెనక్కి తిప్పు!" అని నేనే అరిచాను. "జల్ది తిప్పురా, లేస్తున్నడు!"

పెయింటర్ పరుగెత్తుకొచ్చి ఆపాడు. కాకా ఒకసారి నా వైపు, ఒకసారి బకెట్ వైపు చూశాడు. బకెట్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు ఫోన్ మోగింది. చెవికి పెట్టుకుంటే మాటల్లేవు, ఏడుపు. మొదటి కాన్పప్పుడూ ఇంతే. అత్తమ్మ ఫోన్ చేసి ఒక్క మాటా చెప్పలేక ఏడ్చింది, నాకు సంగతి తెలిసింది అలాగే. కాకా నా భుజం పట్టుకున్నాడు. "ఏమైంది? ఏమైంది అత్తమ్మా, చెప్పు" అని అరుస్తున్నాను. అవతల ఏడుపు ఆగడం లేదు, గుక్కపట్టి మళ్లీ మళ్లీ ఏడుస్తోంది. ఎంత విన్నా అందులో అత్తమ్మ గొంతు లేదు.

"ఇంటున్నవా?" అంది అత్తమ్మ దూరం నుంచి. "నీ బిడ్డనే. తల్లి గుడ మంచిగనే ఉన్నది. నువ్వు ఇంటవని ఫోను దాని నోటికాడ పెట్టిన."