స్టెప్నీ దించితేనే టీ

మా వదిన పోయిందని ఉదయగిరి నుంచి ఒక పికప్ డ్రైవరు ఫోన్ చేసి చెప్పినాడు. నేను కలిగిరిలో ఆఫీసుకు బయల్దేరుతున్నాను. "అన్నా, అక్క పొయ్యింది. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి, బల్ల మీద కూర్చుని అట్నే వాలిపోయింది" అన్నాడు. ఆమె గురించి మీకు చెప్పాలంటే ముందు ఆమె పగ గురించి చెప్పాలి. అది దాచిపెట్టి మంచితనం ఒక్కటే రాస్తే ఆమె ఒప్పుకునే మనిషి కాదు.

ఉదయగిరిలో ఆత్మకూరు రోడ్డు మొదట్లో అన్నా వదినా టీ అంగడి నడిపేవాళ్లు. పిల్లలు లేరు. ఒకరోజు అన్న టీపొడి, గ్లాసుల కోసం మోటారు సైకిల్ మీద ఆత్మకూరు పోయినాడు. తిరిగొచ్చేటప్పుడు ముందు పోతున్న గొర్రెల పికప్ కింద నుంచి స్టెప్నీ టైరు ఊడి రోడ్డు మీద పడింది. అన్న బండి దాన్ని గుద్దుకుంది. ఆస్పత్రికి చేరేలోపే పోయినాడు.

పికప్ యజమాని ఆ టైరు తనది కాదన్నాడు. వెంటనే వేరే టైరు తెచ్చి బండి కింద బిగించుకున్నాడు. అంతటితో ఆగలేదు. మా అన్న తాగి నడిపినాడని సంతలో చెప్పినాడు, బస్టాండులో చెప్పినాడు. మా అన్న బీడీ కూడా ముట్టనివాడు. కర్మ అయిపోయినాక ఆ బండి డ్రైవరు మా ఇంటికొచ్చి వదిన ముందు తల దించుకుని కూర్చున్నాడు.

"టైరు మాదేనమ్మా. పైనుంచి గొర్రెల ఉచ్చ కారీ కారీ టైరును పట్టుకునుండే క్యారియర్ని తుప్పు తినేసింది. మార్పించమని మా యజమానికి చెప్పినాను. కింద ఉండేది ఎవురికి కనపడతాది లేరా అన్నాడు."

సాక్ష్యం చెప్పమంటే మాత్రం భయపడి ఊరు వదిలిపోయినాడు. కేసు నిలబడలేదు.

నేను కర్ర తీసుకుని బయల్దేరినాను. వదిన వాకిట్లో అడ్డం నిలబడింది.

"కొడితే పదిరోజుల్లో మానిపోతాది అబ్బయ్యా. వాడికి మానకూడదు. కర్ర ఆడ పెట్టు."

మళ్లీ అంగడి తెరిచినాక ఆమె చేసిన మొదటి పని, పక్కనున్న పంచరు షాపు భాయ్ దగ్గరికి పోవడం. స్టెప్నీ బండికి ఎట్లా వేలాడతాదో, ఏది తుప్పు పడితే ఏది ఊడతాదో చూపించమంది. ఆ పెద్దాయన ఒక బండి కింద పడుకుని అన్నీ చూపించినాడు. అప్పుడప్పుడూ టైరు దించాల. బురద, పెంట పోయేట్టు నీళ్లతో కడగాల. వైర్ బ్రష్‌తో తుప్పు గీకి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరినాక రంగు వెయ్యాల. గొలుసుకు, బోల్టుకు గ్రీజు పట్టించాల. ఇనుము పలచబడితే గీకడం దండగ, మార్చాల్సిందే. వదిన కూడా పక్కనే గోనెపట్ట పరుచుకుని, కొంగు బిగించి, బండి కింద దూరి అంతా విన్నది.

అప్పటి నుంచి ఏ పికప్ ఆగినా ఒకటే మాట: "స్టెప్నీ దించి చూసినావా?" చూడలేదంటే టీ పోసేది కాదు. తనే కింద దూరి గొలుసు తడిమేది. చేతికి ఎర్రగా తుప్పు అంటితే, లేచొచ్చి ఆ డ్రైవరు చొక్కా జేబు మీద తుడిచేది. "ఇంటికి పోయి నీ పెళ్లానికి చూపించు. ఇది ఏం చేస్తాదో నాకు తెలుసునని చెప్పు" అనేది. మొదట్లో తిట్టుకున్న డ్రైవర్లే తర్వాత టైరు దించి, కడిగి, గ్రీజు పెట్టి, అక్కా వచ్చి చూడు అని పిలిచేవాళ్లు.

అయితే వాళ్ల కోసమే ఆమె అదంతా నేర్చుకోలేదు. సీతారామపురం వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చే వాళ్లు ఆమె అంగడి ముందే బండి మాట్లాడుకుంటారు. ఆ యజమాని పికప్ వచ్చిందంటే వదిన గంటె పక్కన పెట్టి దాని కింద దూరేది.

ఒకరోజు ఆయన బండికి కొత్త రంగు వేయించుకొచ్చినాడు. కింద క్యారియర్ కూడా నల్లగా మెరుస్తా ఉండాది. "చూసుకో, ఎంతసేపన్నా చూసుకో" అన్నాడు నవ్వుతా. వదిన భాయ్ దగ్గర స్క్రూడ్రైవర్ అడిగి తెచ్చి, బండి కింద దూరి పొడిచింది. అది క్యారియర్ పట్టెలో నుంచి అవతలికి దూరింది. రంగుతో పాటు తుప్పు పెళ్లలు పెళ్లలుగా రాలింది. ఆ పెళ్లలు అరచేతిలో పట్టుకొచ్చి గొర్రెల వాళ్లకు చూపించింది.

"గీకకుండా పైన రంగు పూసినాడయ్యా. నా మొగుడి చావు మీద పూసినట్టే."

ఆ రోజు ఒక్క గొర్రె కూడా ఆ బండి ఎక్కలేదు. తర్వాత కూడా ఎక్కలేదు. వరికుంటపాడు దాకా ఆ మాట పాకింది.

కొంతకాలానికి ఆయనే అంగడికొచ్చినాడు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. బల్లల నిండా జనం.

"ఇంక చాలించమ్మా. నా బండి ఎవురూ పిలవడంలే" అన్నాడు.

"నా మొగుడు తాగినాడని నలుగురిలో చెప్పినావు. అది అబద్దమని నలుగురిలోనే చెప్పు."

ఆయన బల్లల వైపు తిరిగినాడు. చివరికి చెప్పినాడు. "ఆయన తాగలేదు. టైరు నా బండిదే."

వదిన గ్లాసులు కడిగి అందరికీ టీ పోసింది. ఆయన దగ్గరికొచ్చేసరికి గిన్నె పొయ్యి మీద పెట్టేసింది.

ఆయన పోయినాక అడిగినాను. "ఇప్పుడు చాలునా వదినా?"

"మీ అన్న మీద పడిన మాట పోయింది. మీ అన్న రాలేదు గదా" అన్నది. ఆ తర్వాత కూడా ఆ బండి కనపడితే గంటె పక్కన పెట్టడం మానలేదు. చివరికి ఆయన ఆ బండి అమ్ముకున్నాడు. ఆ వార్త విన్నరోజు వదిన అన్నం తృప్తిగా తిన్నది. అంత పగ మంచిది కాదని ఊళ్లో అన్నవాళ్లు ఉన్నారు. నేను అనలేదు. మా అన్న పేరును నిలబెట్టింది కోర్టు కాదు, ఆ పగే. ఆమె పట్టినంత గట్టిగా నేను పట్టలేకపోయినానే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

మొన్న ఆమెను తీసుకుపోయే వేళకు ఆ యజమాని బంతిపూల దండతో వచ్చినాడు. బాగా చిక్కిపోయి ఉన్నాడు. నేను రోడ్డు దాటి ఎదురుపోయినాను.

"ఈ దండ వేసి పోతాను తమ్ముడా."

"వద్దు."

"ఆమే పొయ్యింది గదయ్యా. ఇంకా ఏంది?"

"నేను ఉండాను" అన్నాను.

పికప్‌లో ఆమె పక్కన కూర్చున్నాను. బండి కదిలింది. మలుపు దగ్గర వెనక్కి చూస్తే ఆయన ఎండలో అక్కడే నిలబడి ఉన్నాడు. చేతిలో నుంచి కిందికి వేలాడుతున్న దండను ఎవరిదో మేక ఒకటి ఒక్కొక్క పువ్వే కొరుక్కుని తింటా ఉండాది. ఆయన దాన్ని తోలను కూడా తోలలేదు.