నల్ల చొక్కాలు, కొండెక్కిన దీపం

నల్ల చొక్కాలు తొడుక్కున్న పాపానికి ముగ్గురి సంగీత భవిష్యత్తు ఎలా తారుమారైందో చెబుతాను. ఆ సలహా ఇచ్చిన మేధావిని నేనే.

సీడీలు ఇంకా అమ్ముడయ్యే రోజులవి. ఇల్లందులో మాకో బ్యాండ్ ఉండేది. గిటార్ వాయిస్తూ పాడేది నేను, బేస్ జోసెఫ్, డ్రమ్స్ ఖాదర్. మాది పోస్ట్-పంక్. గిటారుకు జ్వరం పట్టుకుని, పాడేవాడికి ఆకలి చచ్చిపోతే వచ్చే సంగీతం అనుకోండి. ఖమ్మంలో సీడీల దుకాణం నడిపే రహీం భాయ్ తన సొంత లేబుల్ మీద మా మొదటి ఆల్బమ్ వేశాడు. చుట్టాలు తప్ప ఎవరూ కొనలేదు.

"రెండోది గూడ గిట్లనే అయితే లేబుల్ బంద్ చేసి టాపప్ కార్డులు అమ్ముకుంట," అన్నాడు.

లోపం నాకు వెంటనే దొరికింది. మొదటి సీడీ అట్ట మీద మేం నవ్వుతున్నాం. నవ్వేవాళ్ల దిగులు ఎవరు నమ్ముతారు? అందుకని ముగ్గురం నల్ల బట్టలే వేసుకోవాలని, గడ్డాలు పెంచాలని, చెప్పులు విడవాలని హుకుం జారీ చేశాను. భద్రాచలం దారిలో, అడవి అంచున, పొద్దున్నే మంచులో ఫొటో దిగాం.

"చెప్పులు ఎందుకు రా విడిచుడు?" అన్నాడు జోసెఫ్, కాల్లో ముల్లు తీసుకుంటూ.

"బాధ కనపడాలె."

"కనపడుడేంది, మస్తు తెలుస్తున్నది."

ఆల్బమ్‌కు 'కొండెక్కిన దీపం' అని పేరు పెట్టాను. ఆరిపోయిన దీపమని నా భావం. కార్తీక మాసంలో విడుదల చేశాం.

కొద్దిరోజులకే రహీం భాయ్ ఫోన్ చేశాడు.

"సీడీలన్నీ అయిపోయినయ్. ఏందో గాని, కొనేటోళ్లంత నన్ను స్వామీ అంటున్నరు."

"గౌరవం భాయ్," అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

ఆ వెంటనే భద్రాచలం నుంచి పాడమని పిలుపు వచ్చింది. వెళ్లి చూస్తే పందిరి నిండా నల్ల బట్టలు, గడ్డాలు, వట్టి కాళ్లు. మా అభిమానులు అచ్చం మాలాగే తయారై వచ్చారని నాకు కళ్లు చెమర్చాయి.

"వీళ్లు ఫ్యాన్స్ కాదు రా," అని చెవిలో గొణిగాడు ఖాదర్. "అయ్యప్ప మాల ఏసుకున్నోళ్లు. మనల్ని గూడ గదే అనుకున్నట్టున్నరు."

మెల్లగా వెనక్కి తిరిగాను. ఇంతలో గురుస్వామి ఎదురొచ్చాడు.

"దీపం కొండ మీదికెక్కిందని ఎంత భక్తిగ పాడినవ్ స్వామీ. మాటలు తెల్వలే గాని, ఏడ్పు తెలిసింది."

జోసెఫ్ ఆగలేక ఖాదర్‌ను చూపించాడు. "స్వామీ, మాది చర్చి. వీనిది మసీదు."

గురుస్వామి మాకు విస్తళ్లు వేయించాడు.

"అయితే ఏంది స్వామీ? ముందు తినుండ్రి, తర్వాత పాడుండ్రి."

తిన్నాక మా పాటల్లోకెల్లా దిగులు పాట ఎత్తుకున్నాను. ఒంటరితనం తెలియాలని అందులో ప్రతి లైను తర్వాత కొంత నిశ్శబ్దం వదిలాను.

"తలుపు ఎంత కొట్టినా..." అన్నాను.

"శరణమయ్యప్ప," అంది పందిరంతా.

"లోపల ఎవరూ లేరు..."

"శరణమయ్యప్ప."

ఆ పాట మళ్లీ మళ్లీ పాడించుకున్నారు.

అందుకే దేవుడి సాక్షిగా, ఏ దేవుడన్నది ఇంకా తేల్చుకోలేకున్నా, ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో పాట మధ్య ఖాళీ వదలను.